ముందు సిలిండరు

జూన్ 4

చెల్లికి,

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. పోయినసారి నా మాట సగంలో ఉండగానే నువ్వు ఫోను పెట్టేశావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు. విసిరేసినా మిగతా సగం కాగితం మీదే ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు కంటబడుతుంది.

నాన్న కారు ఇంజిన్ విప్పి మళ్ళీ కట్టాను. నవ్వడం అయ్యాక తరవాతి వాక్యం చదువు. పిస్టన్లు కొత్తవి, బేరింగులు కొత్తవి. లేత్ పని మాత్రం బయట చేయించాను, మిగతాదంతా ఈ షెడ్డులో ఈ రెండు చేతులతోనే. జీవితమంతా పత్రికాఫీసులో కూర్చుని ఊరందరి తప్పులు దిద్దినవాణ్ణి, ఒక మాన్యువల్ చదివి నాలుగు బోల్టులు బిగించలేనా? ఆ మాన్యువల్ నిండా అచ్చుతప్పులే. ఎర్ర పెన్సిలుతో అన్నీ దిద్దాను. కంపెనీవాళ్ళు ఇంకా ఉంటే పంపించేవాణ్ణి.

అంతా అయింది. స్టార్టు కావడం లేదు.

స్టార్టర్ తిప్పితే ఇంజిన్ తిరుగుతుంది. ఒకసారి దగ్గుతుంది, ఒకసారి పేలుతుంది, మళ్ళీ గుర్రుపెట్టి పడుకుంటుంది. అచ్చం మన పెద్దమామయ్యని లేపినట్టే ఉంటుంది. వీధి చివర మెకానిక్కుని పిలిచాను. బానెట్‌లోకి ఒక్క చూపు చూసి, "పెద్దాయనా, కంప్యూటరు తగిలిద్దామంటే దీనికి సాకెట్టే లేదు" అని చేతులు దులుపుకుని పోయాడు. వాడి బోర్డు మీద 'నిపుణులు' అన్న మాటలో ణ ఉండాల్సిన చోట న ఉంది. అప్పుడే అనుమానించాల్సింది.

ఈ తొందరకి కారణం మా కాంప్లెక్సు సెక్రటరీ. పోయిన ఏడాది ఆయన రాసిన సర్క్యులరు దిద్ది నోటీసు బోర్డుకి తిరిగి అంటించాను. మార్కులు కూడా వేశాను. అప్పటినుంచి నా మీద కత్తి కట్టాడు. ఇప్పుడు కొత్త సర్క్యులరు: తనంతట తాను కదలని వాహనం ఏదైనా సరే, జూన్ నెలాఖరుకి షెడ్డు ఖాళీ చెయ్యాలట. షెడ్డులో కదలనిది నాది ఒక్కటే. నిన్న పాత ఇనుము కొనేవాణ్ణి వెంటబెట్టుకొచ్చి కారు చుట్టూ తిప్పి చూపించాడు. వాడు బంపరుని వేలితో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. కుండ కొంటున్నట్టు.

నాన్న తరవాత మన ఇంట్లో ఇంజిన్ సంగతి తెలిసింది నీకే. స్కూలు వ్యాను నడిపి, దాన్ని నువ్వే బాగుచేసుకుంటూ బతికావు. ఇది పొగడ్త కాదు, సమాచారం. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పు.

నీ మోకాలి ఆపరేషను సవ్యంగా జరిగిందని మీ ఆయన మెసేజీ పెట్టాడు. శస్త్రచికిత్సని 'శాస్త్రచికిత్స' అని రాశాడు. నువ్వు బతికి బయటపడడం గొప్పే.

నీ
అన్నయ్య


జూన్ 8

అన్నయ్యా,

నవ్వలేదు. వంటింట్లో నిలబడి చదివాను, కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ చదివాను. ఇప్పుడు కూర్చోవడం కష్టం, లేవడం ఇంకా కష్టం. నన్నూ విప్పి కట్టారు కదా, నా బేరింగు కూడా ఇంకా బిగుతుగానే ఉంది.

ఆ బండి ఇంకా నీ దగ్గరే ఉందని తెలీదు. ఎప్పుడో అమ్మేసి ఉంటావనుకున్నాను. సరే.

మాన్యువల్ మూసి పక్కన పెట్టు. ఇంజిన్‌కి కావాల్సింది పెట్రోలు, గాలి, సమయానికి ఒక నిప్పురవ్వ. మొదటి రెండూ ఎవరైనా ఇస్తారు, గొడవంతా సమయంతోనే. ముందు సిలిండరు ప్లగ్గు తియ్యి. ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, ఎవరిచేతనైనా హ్యాండిల్‌తో ఇంజిన్‌ని మెల్లగా తిప్పించు. లోపలి గాలి నీ వేలిని బయటికి తోస్తుంది. అలా తోస్తుండగా పుల్లీ మీద గీత ఇంజిన్ మీది గుర్తుతో కలుస్తుంది. అక్కడ ఆపు. అప్పుడు ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూడు. లోపల తిరిగే ముల్లు ఒకటో వైరు వైపు చూస్తూ ఉండాలి. అక్కడినుంచి వైర్ల వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు. అదీ తప్పకూడదు.

ఇంకొకటి. పేలుతోందన్నావు. పేలుడు ముందా, వెనకా? అది చెబితే సగం రోగం తెలిసినట్టే.

ఆయన నీ ఉత్తరం చదివి, "మీ అన్నయ్యకి ఇకనుంచి బొమ్మలే పంపిస్తాను, వాటిలో దీర్ఘాలుండవు" అన్నాడు.

చెల్లి


జూన్ 11

చెల్లికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. వాచ్‌మన్ హ్యాండిల్ తిప్పాడు, నేను వేలు పెట్టాను. ముందు సిలిండరులోంచి గాలి వేలిని తోసింది, గీత కలిసింది, ముల్లు ఒకటో వైరు వైపే చూస్తోంది. వైర్ల వరస కూడా నువ్వు చెప్పినదే. పెట్రోలు వస్తోంది, ప్లగ్గులు తడిగా ఉన్నాయి. నిప్పుందా అని వైరు కొస పట్టుకుని చూశాను. ఉంది. వాచ్‌మన్ నాకు మంచినీళ్ళు తెచ్చాడు.

నీ ప్రశ్నకి జవాబు: ముందు పేలుడు, వెనక పొగ.

నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. పుస్తకం తెరిస్తే అదే పేజీ తిప్పి తిప్పి చదువుతున్నాను, ఒక్క తప్పూ కంటబడడం లేదు. పుస్తకంలో లేక కాదు. టీ కలుపుకుని షెడ్డులోకి వెళ్తాను, దాన్ని కారు బానెట్ పక్క రెక్క మీద పెట్టి మర్చిపోయి పైకొచ్చి మళ్ళీ టీ కలుపుకుంటాను. కారు నిండా కప్పులే. సెక్రటరీ బాల్కనీలోంచి చూస్తూ, "ఏం మాస్టారూ, టీ కొట్టు పెడుతున్నారా?" అని అడిగాడు. నేను ఎవరికీ మాస్టార్ని కాను. అదీ తప్పే.

పేపరులో చూశావా? మన కవిగారికి ఈ వారం సన్మానం. గుర్తున్నాడు కదా, నిన్ను స్టేషనుకి దింపడానికి బయల్దేరిన రోజున కారులో మనతో వచ్చాడు, నా స్నేహితుడు. అప్పట్లో స్నేహితుడు. అతని మొదటి పుస్తకం ప్రూఫులు నేనే దిద్దాను. నేను దిద్దని మాటలే ఇప్పుడు శిలాఫలకాల మీద ఎక్కుతున్నాయి.

అన్నయ్య


జూన్ 14

అన్నయ్యా,

పేలుడు ముందన్నావు కాబట్టి అది కార్బ్యురేటర్‌లోంచి తంతోంది. పెట్రోలు కన్నా గాలి ఎక్కువైతే అలాగే చేస్తుంది. ఎక్కడో దొంగగాలి లోపలికి పోతోంది. కార్బ్యురేటర్ విప్పి దాని కింద సందు మూసే గాస్కెట్ మార్చు. పాతది అతుక్కుపోయి ఉంటే బ్లేడుతో గీకు. మొహం దూరంగా పెట్టి మరీ చెయ్యి, నీకు మిగిలిన కనుబొమలు ఆ రెండే.

వైరు కొస పట్టుకుని ఎవరైనా చూస్తారా? నీకేమైనా అయితే నోటీసు బోర్డులు ఎవరు దిద్దుతారు?

కవిగారు గుర్తులేకపోవడమేమిటి. అతను ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక, పెట్టెతో.

చెల్లి


జూన్ 19

చెల్లికి,

గాస్కెట్ మార్చాను. అతుక్కుపోయిన పాతదాన్ని గీకడానికి తల ప్రాణం తోకకొచ్చింది. బిగించి స్టార్టర్ తిప్పాను. సరిగ్గా అప్పుడే సెక్రటరీ తెల్లచొక్కా వేసుకుని సైలెన్సర్ వెనకనుంచి నడిచి వెళ్తున్నాడు. పెళ్ళున పేలింది. ఆయన ఎగిరిన ఎత్తుకి మా వాచ్‌మన్ చప్పట్లు కొట్టాడు. చొక్కా మీద మసి ఆశ్చర్యార్థకంలా పడింది. నేను పెన్సిలుతో పెట్టినా అంత బాగా పడదు. కానీ ఇప్పుడు ఆయన దగ్గర సర్క్యులరుతో పాటు కారణం కూడా ఉంది.

ఇంతకీ కార్బ్యురేటర్ నీకు ఎవరు చెప్పారు? పేలుడు కారు ముందుభాగంలో అని నేను రాశానా? తిరగేసి చూడు. ముందు పేలుడు, వెనక పొగ అన్నాను. మొదట పేలింది, ఆ తరవాత పొగ వచ్చింది అని అర్థం. రెండూ సైలెన్సర్‌లోంచే. తెలుగులో ముందు అంటే మొదట. ఒక వారం వృథా అయింది, అదీ ఉన్న కాస్త గడువులో.

సీటు సంగతి ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. ఇన్నేళ్ళుగా నువ్వు ఆ మాటని పళ్ళ మధ్య నలుపుతూనే ఉన్నావు, నాకు తెలుసు. ఆ రోజు నేను నాన్న చెప్పింది చెప్పినట్టు చేశాను. ఆయనకి ఒంట్లో బాగాలేక గుమ్మం దగ్గర కుర్చీలోంచే సాగనంపాడు. "ముందు చెల్లిని కూర్చోబెట్టు" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ముందు నిన్నే ఎక్కించాను. నువ్వు ఎక్కి, నీ పెట్టె సర్దుకున్నాకే మేమిద్దరం ఎక్కాం. ఇందులో నా తప్పేమిటో దిద్ది పంపించు.

అన్నయ్య


జూన్ 22

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చిన రోజు జవాబు రాయలేకపోయాను. గదిలో కర్ర పట్టుకుని అటూ ఇటూ తిరిగాను. డాక్టరు నడవమంది కాబట్టి ఆయన సంతోషించాడు.

ముందు సీట్లో అన్నయ్యా. నాన్న అన్నది ముందు సీట్లో కూర్చోబెట్టమని.

గౌరవానికి కాదు. ఆ వారమే ఇంజిన్ లోపల ఏదో టక్‌టక్‌మనడం మొదలైంది. నాన్నా నేనూ బానెట్ ఎత్తి విన్నాం. దారిలో చప్పుడు మారితే నేను పట్టుకుంటానని, నీకు చెబుతానని, నీ పక్కన కూర్చోబెట్టమన్నాడు. నువ్వు నన్ను వెనక పెట్టెతో కుదేసి, ముందు కవిగారిని కూర్చోబెట్టావు. ఊరు దాటగానే చప్పుడు మారింది. "అన్నయ్యా ఆపు, ఆపు" అని అరిచాను. ముందు అతను గొంతెత్తి కవిత్వం చదువుతున్నాడు. నువ్వు తల తిప్పకుండా "ఇది అయిపోనీ" అన్నావు. అది అయిపోయింది. ఇంజినూ అయిపోయింది, పట్టేసి రోడ్డు మధ్యలో నిలబడింది. దూరంగా నా రైలు కూత వినబడింది.

బస్సుల వర్క్‌షాపులో ఆ ఉద్యోగానికి పిలుపు వచ్చిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. మర్నాడు వెళ్తే, నిన్ననే ఇంకొకరిని తీసేసుకున్నామన్నారు. స్కూలు వ్యాను మీద నాకేం కోపం లేదు. ఆ పిల్లలూ ఆ వ్యానూ నన్ను బాగానే చూసుకున్నారు. కానీ అది నేను బయల్దేరిన చోటు కాదు కదా.

ఇన్నేళ్ళూ నేననుకున్నది ఒకటే. నాన్న మాట విని కూడా, కావాలనే కాదన్నావని. ఆ మాట నీకు ఇంకోలా వినబడిందని నాకు మొన్ననే తెలిసింది. ఇప్పుడు కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఇంతకాలం ఉన్న చోటు ఖాళీ అయింది, కొత్త చోటు దొరకలేదు.

పేలుడు సైలెన్సర్‌లో అయితే గాస్కెట్ వృథాయే, ఒప్పుకున్నాను. వైర్లు ఇంకోసారి చూడు. ఒకటో వైరు ఒకటోదానికే వెళ్తోందా?

చెల్లి


జూన్ 25

చెల్లికి,

ఒకటి ఒకటికే వెళ్తోంది. మూడు మూడుకే. నేను ఒకటి నుంచి నాలుగు దాకా లెక్కపెట్టగలను. ప్రతి సిలిండరు మీదా సుద్దతో నంబరు వేశాను, మాన్యువల్ బొమ్మలో ఉన్నట్టే, ఎడమనుంచి కుడికి. ఇంకోసారి ఈ ప్రశ్న వెయ్యకు.

ఆ రోజు సంగతి: ఇంజిన్ పట్టెయ్యడానికి కారణం నూనె. ముందు రోజు నూనె మార్చిన మెకానిక్ తక్కువ పోశాడు. అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. నాన్న నాతో ముందు అన్నాడు, సీటు అనలేదు. లేని మాటని నేను చదవను.

ఇనుమువాడు ఇవాళ మళ్ళీ వచ్చాడు. ఈసారి టేపు తెచ్చి పొడవు కొలిచాడు. "బాధపడకండి పెద్దాయనా, తలుపులు విడిగా తీస్తాం, గీత పడదు" అని నన్ను ఓదార్చాడు. గీత పడకుండా ముక్కలు చేస్తాడట. ఆ కంగారులో నాలుగో ప్లగ్గు బిగించబోయి మోచెయ్యి రేడియేటరుకి గీరుకుని చర్మం లేచిపోయింది. రక్తం చూసి వాచ్‌మన్ కూడా "వదిలెయ్యండి సార్, ఇచ్చేద్దాం" అన్నాడు. వాడి మాటలో ఆ 'ద్దాం' నాకు నచ్చింది. ఈ కాంప్లెక్సులో నాతో కలిపి మాట్లాడేవాడు వాడొక్కడే.

ఇవ్వను. ఎలా ఇవ్వకుండా ఉంటానో మాత్రం తెలీదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తోచడం లేదు. నీకు ఇంకేమైనా తోస్తే వెంటనే రాయి. తోచకపోతే రాయకు.

అన్నయ్య


జూన్ 27, కొరియర్‌లో

అన్నయ్యా,

ఫోను మోగీ మోగీ ఆగిపోతోంది, నువ్వు ఎత్తవు. అందుకని ఆయన్ని కొరియర్ ఆఫీసుకి పరిగెత్తిస్తున్నాను. తలుపు దగ్గర చెప్పులు వేసుకుని నిలబడి, "అయిందా, అయిందా" అంటున్నాడు.

నీ మోచేతికి మందు రాసుకో. మనిద్దరికన్నా అదే నయం, చెప్పాల్సింది అదే చెప్పింది. నాలుగో ప్లగ్గు బిగిస్తే రేడియేటరు ఎలా తగిలింది అన్నయ్యా? రేడియేటరు పక్కన ఉండేది ఒకటోది!

నువ్వు ఎలా లెక్కపెట్టావో ఇక్కడినుంచే కనిపిస్తోంది. కారుకి కుడిపక్కన నిలబడి, అచ్చు చదివినట్టు ఎడమనుంచి మొదలుపెట్టావు. మాన్యువల్‌లో ఆ బొమ్మ గీసినవాడు కారుకి ఎడమపక్కన నిలబడి గీశాడు. అతనికి ఎడమ చివర రేడియేటరు, నీకు ఎడమ చివర డ్రైవరు కాళ్ళు. నేను 'ముందు సిలిండరు' అన్నప్పుడు నువ్వు రేడియేటరు పక్కదాని మీదే వేలు పెట్టావు, అది సరిగ్గానే ఉంది. నేను 'ఒకటో వైరు' అన్నప్పుడు దాన్ని తీసుకెళ్ళి నీ ఒకటోదానికి తగిలించావు, అంటే చిట్టచివరిదానికి. నాకు ముందుదీ ఒకటోదీ ఒకటే. ఆ సంగతి నీకు చెప్పాలని నాకు తట్టనే లేదు. ఒకదాంట్లో గాలి నొక్కుకుని ఎదురుచూస్తుంటే, నిప్పు వెళ్ళి ఇంకోదాంట్లో పడుతోంది. పేలక ఏం చేస్తుంది?

తమాషా ఏమిటంటే, నీ లెక్క కూడా తప్పు కాదు. కాగితం మీద వేసి చూశాను. నీ వైపునుంచి లెక్కపెట్టినా ఆ ఇంజిన్‌కి ఒకటి, మూడు, నాలుగు, రెండే వస్తుంది. మొత్తం నీ లెక్కలోనే కట్టి ఉంటే స్టార్టయ్యేది. మొత్తం నా లెక్కలోనైనా అయ్యేది. మనం సగం నీది, సగం నాది కలిపాం.

ఇప్పుడు చెయ్యాల్సింది చిన్న పనే. డిస్ట్రిబ్యూటర్ మూత మీద ఎదురెదురుగా ఉన్న వైర్లని ఒకదాని చోట ఒకటి మార్చు. రెండు జతలూ. ఇంకేదీ ముట్టుకోకు, నీ సుద్ద నంబర్లు కూడా చెరపకు. ఇంజిన్ బాగానే కట్టి ఉంటావు, లేకపోతే ఇంత కోపంగా పేలేది కాదు.

ఇంతకాలం పోయాక దాన్ని ఎందుకు విప్పావో నువ్వు రాయలేదు. నేను అడగను.

చెల్లి


జూలై 1

చెల్లికి,

వైర్లు మార్చాను. నిన్న పొద్దున సెక్రటరీ, ఇనుమువాడు, వాడి తాడు, అందరూ వచ్చి నిలబడ్డాక స్టార్టర్ తిప్పాను. కావాలనే వాళ్ళు వచ్చేదాకా ఆగాననుకునేవు. నాకే ధైర్యం చాలక ఆగాను.

ఒక్క తిప్పుకి అందుకుంది. పేలలేదు, దగ్గలేదు. నాన్న బండి చప్పుడు నేను మర్చిపోయాననుకున్నాను, మర్చిపోలేదు. రెక్క మీద టీ కప్పులన్నీ ఒకేసారి గలగలమన్నాయి. వాచ్‌మన్ గేటు తీసి సెల్యూట్ కొట్టాడు. కాంప్లెక్సు చుట్టూ తిరిగి షెడ్డులోకి వచ్చి సెక్రటరీ ముందు ఆపాను. ఆయన గొంతు సవరించుకుని, "అయితే కదులుతుందన్నమాట" అన్నాడు. "తనంతట తాను" అన్నాను, ఆయన సర్క్యులరులో మాటే. పాపం ఇనుమువాడు మాత్రం మనస్ఫూర్తిగా సంతోషించాడు. వచ్చినందుకు తాడుతో బంపరు దుమ్ము దులిపి వెళ్ళాడు.

ఇక మిగిలినవి.

నాన్న అన్నది 'మొదట' అనే అర్థంలోనే. నా చెవులు నావి, ఆ విషయంలో నేను మారను. నువ్వూ మారవు. ఆయన్ని అడుగుదామంటే లేడు. నీ సిలిండర్ల లెక్క నేనూ కాగితం మీద వేసి చూశాను. ఎటునుంచి చూసినా అదే వరస వస్తోంది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని చాలాసేపు వెతికాను.

ఆదివారం పొద్దున్నే బయల్దేరుతున్నాను. దారిలో ఎవరినీ ఎక్కించుకోను, కవుల్ని అసలే ఎక్కించుకోను. మీ ఆయన్ని వాకిట్లో స్కూటరు పక్కకి తియ్యమను. ఆయనకి ఒక నిఘంటువు తెస్తున్నాను, తప్పుగా అనుకోవద్దని చెప్పు. అనుకున్నా ఫరవాలేదు.

ఒకటే ఇబ్బంది. వేగం అందుకున్నప్పుడు లోపల ఎక్కడో సన్నగా టక్‌మంటున్నట్టు ఉంది. నిజంగా వినబడుతోందో, నేనే అనుకుంటున్నానో తేల్చుకోలేకపోతున్నాను. వాచ్‌మన్‌ని అడిగితే, "మీరు వినబడుతోందంటే వినబడుతోంది సార్" అన్నాడు. అలాంటి చెవి నాకు పనికిరాదు. నువ్వు వినాలి. నువ్వు ఆపమంటే ఆపుతాను, ఎక్కడైనా సరే, రోడ్డు మధ్యలోనైనా సరే. మోకాలు కుదుటపడి క్లచ్ తొక్కగలిగిన రోజున ఆ సీటు కూడా నీదే, పక్కన నేను కూర్చుంటాను.

ఆదివారం నేను వచ్చి ఆపగానే ఎవరికోసమూ చూడకు. ముందు నువ్వు కూర్చో. ఏ అర్థంలో చదువుకున్నా నాకు అభ్యంతరం లేదు.

అన్నయ్య